కూతురు దొరకలేదు

మూడో తారీకు, సోమవారం

అనుమతి పత్రాల కార్యాలయం, నాలుగో కిటికీ వారికి,

నమస్కారం. మీరు పంపిన అనుమతి పత్రం శనివారం అందింది. దాన్ని ఇదే కవరులో తిప్పి పంపుతున్నాను, ఎందుకంటే అందులో సగం షాపే ఉంది.

మా షాపు పేరు 'నాన్న & కూతురు * తాళాల పని'. దరఖాస్తులో అలాగే రాశాను. గుడ్డివాడు తడిమినా తెలిసేంత నొక్కి రాశాను. మీ పత్రంలో మాత్రం 'నాన్న' అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. కూతురు లేదు, తాళాలు లేవు, పనీ లేదు.

ఆ కూతురిని నేనే. పద్దెనిమిదేళ్లు మా నాన్న పక్కన కూర్చుని ఆకురాయి పట్టి తాళంచెవులు అరగదీశాను. ఆ పద్దెనిమిదేళ్లూ బోర్డు మీద ఆయన ఒక్కడే ఉన్నాడు. నన్నూ ఎక్కించమని అడిగితే 'చూద్దాంలే' అనేవాడు. ఈ ఏడాదే, దెబ్బలాడి దెబ్బలాడి, నేనూ బోర్డెక్కాను. ఎక్కి రెండు నెలలు కాలేదు, మీరు దింపేశారు.

పైగా మా నాన్న మీ పత్రం చూసి మీసం దువ్వుకున్నాడు. 'చూశావా, షాపు ఎవరిదో ఆఫీసువాళ్లకి కూడా తెలుసు' అన్నాడు. ఆ ముసినవ్వు నేను రోజంతా భరించాల్సి వచ్చింది. వెంటనే సరిచేసి పంపండి.

ఇట్లు,
మీరు కోసేసిన సగం

తా.క. మా బోర్డు కొలతలు కూడా పంపనా? ఒకవేళ మీ కాగితం పట్టక ఆపేశారేమో.

*

ఆరో తారీకు, గురువారం

'నాన్న' షాపు యజమాని గారికి,

తమ ఉత్తరం చేరినది. తమరికి తెలియజేయడమేమనగా, పత్రం ముద్రణలో కార్యాలయం వైపు నుంచి ఎటువంటి పొరపాటూ జరగలేదు. దరఖాస్తులోని పేరును ఉన్నది ఉన్నట్టుగా యంత్రంలో కొట్టితిమి. యంత్రం 'నాన్న' వరకు ముద్రించి, ఆపైన నల్ల తెర మీద ఈ క్రింది సమాధానం ఇచ్చినది:

కూతురు: దొరకలేదు.

కావున, కూతురు ఉన్నట్టుగా రుజువును ఇద్దరు సాక్షుల సంతకాలతో పంపగలరు. లేనిచో & తీసివేసి 'మరియు' అని వ్రాసి, * పూర్తిగా తీసివేసి, కొత్త దరఖాస్తు పంపగలరు. ఇది సులభమార్గం.

ఇరవై ఆరో తారీకున తనిఖీ అధికారి వస్తారు. పత్రం మీది పేరు, బోర్డు మీది పేరు ఒక్కటి కానిచో బోర్డు దింపివేయబడును.

ఇట్లు,
నాలుగో కిటికీ గుమస్తా

తా.క. స్వయంగా రావద్దు. మా కిటికీ తాళం పట్టేసి ఏడు నెలలైంది, తెరుచుకోవడం లేదు. చెల్లుబాటయ్యే అనుమతి పత్రం ఉన్న తాళాలవాళ్లనే పిలవాలని నిబంధన. ఈ చుట్టుపక్కల ఉన్నది తమ షాపు ఒక్కటే. తమ పత్రం ఇంకా తేలలేదు.

*

ఎనిమిదో తారీకు, శనివారం

నాలుగో కిటికీ గుమస్తా గారికి,

కూతురు దొరకలేదా? పొద్దున్న ఎనిమిదింటికి షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి నేను ఈ స్టూలు మీద నుంచి కదల్లేదే! ఎక్కడ వెతికారండీ మీరు?

సరే, రుజువులు అడిగారు కాబట్టి పంపుతున్నాను. ఒకటి, నా బొటనవేలి ముద్ర. నూనె మరక అనుకునేరు, అది ముద్రే. రెండు, పక్కషాపు మంగలాయన సంతకం. మూడు, ఎదురుగా ఉన్న టైలరు సంతకం. ఆయన సంతకం కింద 'ఈవిడ దొరకకపోవడమా! వద్దన్నా దొరుకుతుంది' అని సొంతంగా రాశాడు. అది చెరిపేయమన్నాను, వినలేదు.

ఇక & తీసేయడం గురించి. తీయను. 'మరియు' రాయను. ఎందుకో చెబుతాను, వినండి. మా నాన్నకి నోట్లోంచి మంచిమాట రాదు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా 'బాగా చేశావే' అనలేదు. నేను చేసిన తాళంచెవిని వెలుతురులోకి ఎత్తి చూసి, 'ఊఁ' అంటాడు. అదే బిరుదు. అలాంటి మనిషి బోర్డు మార్చడానికి ఒప్పుకున్న రోజు ఒక ఇనుపచువ్వ తీసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి కొట్టి ఆ మెలిక తయారుచేశాడు. మూడు చువ్వలు పాడయ్యాయి. నాలుగోది కుదిరింది. తన పేరుకీ నా పేరుకీ మధ్య దాన్ని తన చేత్తో బిగించాడు.

మీకది యంత్రం నమలలేని ఒక గీత. నాకది పద్దెనిమిదేళ్ల జీతం. దాన్ని పీకి 'మరియు' పెట్టమంటే ఎలా కుదురుతుంది? మీ యంత్రానికి నోరు తిరగకపోతే దానికి పలకడం నేర్పండి, నా పేరు మార్చకండి.

ఇట్లు,
స్టూలు మీదే ఉన్న కూతురు

తా.క. మీ ఉత్తరం మా నాన్నకి చదివి వినిపించాను. 'దొరకలేదు' అన్న చోట ముసినవ్వు ఆగిపోయింది. రెండోసారి చదవమన్నాడు. తర్వాత రోజంతా సుత్తి గట్టిగా కొట్టాడు.

*

పన్నెండో తారీకు, బుధవారం

అమ్మా,

మీ రుజువులు అందాయి. టైలరు గారి వాక్యం మా ఆఫీసులో అందరూ చదివారు.

రుజువులను యంత్రం పక్కన పెట్టి, మీ పేరు మళ్లీ మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ 'కూతురు: దొరకలేదు' అనే అంది. అప్పుడు మా పెద్దసారుగారి పాత నోటుపుస్తకం బీరువాలోంచి తీసి వెతికాను. సంగతి ఇది. మేము నల్ల తెర మీద 'పత్రం ముద్రించు' అని ఆదేశం కొట్టి, పక్కన షాపు పేరు కొడతాం. పేరులో & తగిలితే యంత్రం దాన్ని పేరులో భాగం అనుకోదట. 'ఇంతవరకు ఒక పని, దాన్ని వెనకాల జరగనీ, ఇక రెండో పని చెప్పు' అని అర్థం చేసుకుంటుందట. అందుకే 'నాన్న' పేరుతో పత్రం ముద్రించేసి, 'కూతురు' అనేది రెండో ఆదేశం అనుకుని, అలాంటి ఆదేశం కోసం ఇల్లంతా వెతికి, దొరకలేదంది. అంటే అది వెతికింది మిమ్మల్ని కాదు. సాక్షుల్ని తెమ్మన్నందుకు క్షమించాలి.

మందు కూడా అదే పుస్తకంలో ఉంది. పేరంతటినీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి కొట్టాలి. అప్పుడు లోపల ఏమున్నా యంత్రం కెలకదు. అలాగే కొట్టాను. ఏ ఫిర్యాదూ లేకుండా గడగడా ముద్రించింది. పత్రాన్ని అలాగే మడిచి కవరులో పెట్టాను. చదవలేదు, భోజనం వేళైంది. అయినా ఇక చదవాల్సిన పనేముంది?

దీంతో మన ఉత్తరాలు ముగిసినట్టే. నిజం చెప్పాలంటే కాస్త వెలితిగానే ఉంది.

ఇట్లు,
గుమస్తా

తా.క. యంత్రానికి పలకడం నేర్పమన్నారు. యంత్రం ఏం చేయాలో చెప్పే ఆదేశాల వరస ఒకటుంది, దాన్నే స్క్రిప్టు అంటాం. అది పన్నెండేళ్ల క్రితం పెద్దసారు రాశారు. యంత్రం నెత్తిన 'ముట్టుకోవద్దు' అని కాగితం అంటించి ఉంటుంది. ఈ పన్నెండేళ్లలో ముట్టుకున్న మగాడు లేడు.

*

పధ్నాలుగో తారీకు, శుక్రవారం

గుమస్తా గారికి,

పత్రం అందింది. కూతురు దొరికింది. నాతోపాటు ఇంకా చాలామంది దొరికారు. మీరు భోజనానికి పోయి చదవలేదు కాబట్టి, మా షాపు కొత్త పేరు ఇక్కడ రాస్తున్నాను, వినండి:

'నాన్న & కూతురు కుర్చీ_అర్జీ_పదకొండోసారి మొండిఘటం_ఉత్తరాలు రాజీనామా_కోపంగా రాజీనామా_శాంతంగా సెలవుచీటీ_కడుపునొప్పి తాళాల పని'.

మా నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం పైకి చదివాడు. చదివి, 'ఈ బోర్డుకి రేకు చాలదు, పక్కషాపు గోడ కూడా అడగాలి' అన్నాడు. మంగలాయన ఒప్పుకోనన్నాడు.

నేను మూడు ప్రశ్నలు అడుగుతాను, మీరు తలవంచుకుని జవాబు చెప్పండి. పదకొండుసార్లు అర్జీ పెట్టుకున్నా కుర్చీ ఇవ్వరా? కడుపునొప్పి నిజమా? మొండిఘటం ఎవరండీ?

ఇంకో పన్నెండు రోజుల్లో తనిఖీ అధికారి వస్తాడు. ఆయన వచ్చి బోర్డు మీద రాజీనామా ఏదని అడిగితే నేనేం చూపించాలి?

ఇట్లు,
మొండిఘటం అని అనుమానిస్తున్న ఆవిడ

తా.క. రెండు రాజీనామాలు ఎందుకండీ? ఒకటి సరిపోదా?

*

పద్దెనిమిదో తారీకు, మంగళవారం

అక్కా,

అక్కా అనే పిలుస్తున్నాను, కోప్పడకండి. ఆ పత్రాన్ని ముందు చింపేయండి. చింపి పొయ్యిలో వేయండి. మీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి.

జరిగింది చెబుతాను. * గుర్తు తగిలితే యంత్రం దాన్ని చుక్క అనుకోదు. 'ఈ అరలో ఉన్నవన్నీ' అనుకుంటుంది. యంత్రంలో నేను పనిచేసే అరలో నా సొంత కాగితాలు కొన్ని దాచుకున్నాను. మీ బోర్డు మీది చుక్క బదులు వాటన్నిటి పేర్లూ వరసగా తెచ్చి పోసింది. కొటేషన్ గుర్తులు పెట్టి కొట్టాను, నా మీద ఒట్టు. అయినా ఎందుకిలా చేసిందో అంతుపట్టడం లేదు. & ఏమో బుద్ధిగా కూర్చుంది, * మాత్రం నా కొంప ముంచింది.

మీ ప్రశ్నలకు జవాబులు. నా కుర్చీకి మూడు కాళ్లే ఉన్నాయి, నాలుగో కాలు బదులు నా మోకాలు వాడుతున్నాను. కడుపునొప్పి అబద్ధం. మొండిఘటం మీరే. అది మొదటి ఉత్తరం నాటి పేరు, ఇప్పుడు గౌరవంతోనే అంటున్నాను. రాజీనామాల సంగతి ఏమంటే, కోపం వచ్చినప్పుడు ఒకటి రాశాను, కోపం తగ్గాక ఇంకొకటి రాశాను, ఇవ్వడానికి మాత్రం ధైర్యం ఎప్పుడూ రాలేదు.

కాళ్లు పట్టుకుంటాను, ఆ ఒక్క చుక్క తీసేయండి. & ఎలాగూ నిలబడింది కదా! నెల తిరిగేలోగా బోర్డు పోకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.

ఇట్లు,
మీ తమ్ముడి లాంటి గుమస్తా

తా.క. ఆ పత్రం మీ టైలరు గారు చదవలేదు కదా?

*

ఇరవయ్యో తారీకు, గురువారం

తమ్ముడూ,

చదివాడు. మూడు రకాల గొంతుల్లో చదివి వినిపించాడు. కోపం రాజీనామాకి ఒక గొంతు, శాంతం రాజీనామాకి ఒకటి.

చుక్క తీయను. & మా నాన్న చేతిది, చుక్క నా చేతిది. తొమ్మిదేళ్ల వయసులో ఇత్తడి ముక్క మీద నేను మొదటిసారి ఆకురాయి పట్టి కోసిన వస్తువు అది. ఒక మొన వంకర. ఎక్కడో పారేసుకున్నాననుకున్నాను. బోర్డు బిగించిన రోజు మా నాన్న చొక్కా జేబులోంచి తీశాడు. ఇన్నేళ్లు ఎక్కడ దాచావని అడిగితే, 'పెట్టెలో అడుగున పడి ఉంది' అన్నాడు. పడి ఉన్నదానికి ఆ మెరుపు ఎలా వస్తుంది? ఎవరో తుడుస్తూ ఉంటేనే వస్తుంది. ఇప్పుడు చెప్పు, దాన్ని తీసేయమంటావా?

ఇక నీ యంత్రం సంగతి. నాకు నల్ల తెర తెలియదు, కానీ ఈ రోగం నాకు తెలుసు. మా షాపులో రెండు బల్లలున్నాయి, నాదొకటి, నాన్నదొకటి. తాళం విప్పినప్పుడు లోపలి స్ప్రింగులు, పిన్నులు ఒక చిన్న డబ్బాలో వేసి, మూత పెట్టి, నాన్నకి అందిస్తాను. ఆయన మూత తీసి చూసి, మళ్లీ మూత పెట్టకుండా అలాగే పాలిషు బల్ల మీదికి దొర్లిస్తాడు. స్ప్రింగులన్నీ నేల మీద. తర్వాత ఆ నేల మీది మేకులు, దుమ్ము, బీడీ ముక్కలు, అన్నీ కలిపి ఎత్తి డబ్బాలో పోస్తాడు. నేను మూత పెట్టలేదంటాడు! నేను పెట్టాను. రెండోసారి చేతులు మారినప్పుడు పెట్టాల్సింది ఆయన.

నీ దగ్గరా అదే జరిగి ఉంటుంది. నువ్వు మూత పెట్టే లోపలికి పంపావు. లోపల పెద్దసారు రాసిన స్క్రిప్టులో దాన్ని అందుకున్నవాడెవడో ఉన్నాడు కదా, వాడు మూత తీశాడు. తీసినవాడు మళ్లీ పెట్టకుండా పక్కవాడికి అందించాడు. చుక్క కింద పడింది, నీ రాజీనామాలతో కలిసి పైకొచ్చింది. ఒకసారి పెడితే చాలదు, చెయ్యి మారిన ప్రతిసారీ పెట్టాలి.

కాబట్టి స్క్రిప్టు తెరిచి చూడు. ముట్టుకోవద్దని కాగితం ఉందంటావేమో. తమ్ముడూ, ముట్టుకోవద్దని వేసిన తాళాల్నే మేం రోజూ ముట్టుకుంటాం. ఇంకా ఆరు రోజులే ఉంది. నేను నా బోర్డు కోసం పద్దెనిమిదేళ్లు కొట్లాడాను, నువ్వు ఒక్క పూట కొట్లాడలేవా?

ఇట్లు,
మొండిఘటం (గౌరవంతోనే)

తా.క. పత్రం చింపలేదు. నీ కుర్చీ అర్జీకి సాక్ష్యంగా పనికొస్తుందని దాచాను.

*

ఇరవై నాలుగో తారీకు, సోమవారం

అక్కా,

ముట్టుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ టీకి వెళ్లారు. స్క్రిప్టు తెరిచాను. తెరవమని కొట్టడంలోనే రెండుసార్లు తప్పు చేశాను. లోపల మీరు చెప్పినట్టే ఉంది. ఫంక్షన్ అని ఒకటుంది, మనం ఇచ్చిన పేరుని అదే అందుకుంటుంది. అందుకున్న వస్తువుని డాలరు గుర్తు పక్కన ఒకటి అంకె వేసి పిలుస్తారట. ఆ డాలరు ఒకటిని మీ నాన్నగారి స్ప్రింగుల్లాగే మూత లేకుండా పక్కకి దొర్లించారు. ఒక చోట కాదు, రెండు చోట్ల. రెండు చోట్లా అటొక కొటేషన్, ఇటొక కొటేషన్ పెట్టాను. మొత్తం నాలుగు గుర్తులు. పన్నెండేళ్ల రోగానికి నాలుగు గుర్తుల మందు!

పూర్తిచేసి వెనక్కి తిరిగితే పెద్దసారు నిలబడి ఉన్నారు. చేతిలో టీ గ్లాసు.

"ఏం చేస్తున్నావు?" అన్నారు.

నాకు పారిపోవాలనిపించింది. కానీ మూడుకాళ్ల కుర్చీలోంచి గబుక్కున లేస్తే పడిపోతాను. అందుకని కూర్చునే చెప్పాను. "మీరు ముట్టుకోవద్దన్నది ముట్టుకున్నాను సార్. మీ స్క్రిప్టు పన్నెండేళ్లుగా జనం పేర్లు కోస్తోంది. మనం వాళ్ల చేతే పేర్లు మార్పిస్తున్నాం. తప్పు మనది, శిక్ష వాళ్లకా సార్?"

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. తర్వాత, "ముట్టుకోవద్దని నేనెప్పుడన్నాను?" అన్నారు. నేను యంత్రం నెత్తిన ఉన్న కాగితం చూపించాను. ఆయన దగ్గరికి వెళ్లి, కళ్లు చిట్లించి చూశారు.

"ఇది బల్లకి రంగు వేయించిన రోజు అంటించానయ్యా! రంగు తడిగా ఉందని. ఇంకా తీయలేదా?"

అక్కా, నేను పన్నెండేళ్లు ఆరిపోయిన రంగుకి భయపడి బతికాను.

సరైన పత్రం ఇందులో ఉంది. ఈసారి ముక్కు ఆనించి మూడుసార్లు చదివాను. మీ నాన్నగారి మెలిక ఉంది, మీ చుక్క ఉంది, మీరూ ఉన్నారు. నేను ఎక్కడా లేను.

ఇట్లు,
ముట్టుకున్న తమ్ముడు

తా.క. కోపంగా రాసిన రాజీనామా చెరిపేశాను. శాంతంగా రాసింది ఉంచుకున్నాను. పంపడానికి కాదు, అందులో వాక్యాలు బాగా కుదిరాయి.

*

ఇరవై ఏడో తారీకు, గురువారం

తమ్ముడూ,

శభాష్! మా ఇంట్లో ఈ మాట అనే అలవాటు లేదు, అందుకే ముందు నేనే మొదలుపెడుతున్నాను.

నిన్న తనిఖీ అధికారి వచ్చాడు. పత్రం ఒక చేత్తో పట్టుకుని, నిచ్చెన ఎక్కి, బోర్డు మీద ఒక్కో అక్షరం వేలితో తడిమి చూశాడు. & దగ్గర ఆగాడు, చుక్క దగ్గర ఆగాడు. దిగి, 'అంతా సరిపోయింది' అని సంతకం పెట్టి వెళ్లాడు. టైలరు చప్పట్లు కొట్టాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, మా నాన్న స్క్రూడ్రైవరు పట్టుకుని అదే నిచ్చెన ఎక్కాడు. ఎక్కి బోర్డు విప్పడం మొదలుపెట్టాడు!

"నాన్నా, ఏం పని ఇది? అధికారి కూడా దింపని బోర్డు నువ్వు దింపుతావా?" అని వీధంతా వినపడేలా అరిచాను. రేకు అక్షరాలు ఒక్కొక్కటీ ఊడదీశాడు. & మాత్రం ముట్టుకోలేదు. దాని అటుపక్కవి ఇటు, ఇటుపక్కవి అటు బిగించాడు. ఇప్పుడు మా బోర్డు మీద ఉన్నది ఇది: 'కూతురు & నాన్న * తాళాల పని'.

నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "ఆ కుర్రాడు మంచోడే, మూత పెట్టాడు. రేపు ఇంకొకడు వస్తాడు, మర్చిపోతాడు. ఆ గుర్తు దగ్గరే కదే తెగేది? వెనకున్నదే కదా దొరకనిది? తెగితే నాది తెగనీ."

నేను స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. రాయడానికి నాకేం సిగ్గు లేదు. ఆయన నా వైపు చూడకుండా ఒక తాళంచెవి తీసుకుని వెలుతురులోకి ఎత్తి చూశాడు. పొద్దున్న నేను చేసిందే. 'బాగుందే' అన్నాడు.

కాబట్టి పత్రమూ బోర్డూ మళ్లీ ఒక్కటి కావు. కొత్త దరఖాస్తు పెట్టాలి. పోస్టులో పంపను. ఇప్పుడు మా దగ్గర చెల్లుబాటయ్యే అనుమతి పత్రం ఉంది, ఒక్క రోజు పాతదైనా సరే. సోమవారం పొద్దున్నే వచ్చి మీ కిటికీ తాళం తీసి, దరఖాస్తు నీ చేతికే ఇస్తాను.

ఇట్లు,
దొరికిన కూతురు

తా.క. నాన్న కూడా వస్తున్నాడు. నీ కుర్చీకి ఇనపకాలు ఒకటి చేశాడు. కానీ ఒక షరతు పెట్టాడు. 'ఆ శాంతం రాజీనామా కూడా చెరిపేశాకే బిగిస్తా. పోయేవాడికి కాలెందుకు?' అంటున్నాడు.